శరణు కోరిన కూతురి దగ్గరకు పురుటికి: విజిటర్ వీసాతో నా అనుభవం

మా అమ్మాయీ అల్లుడూ కెనడాలో శరణు కోరారు. వాళ్ల దరఖాస్తు ఇంకా విచారణకు రాలేదు. ఎందుకు కోరారన్నది ఇక్కడ రాయను. అది వాళ్ల విషయం, శరణు కేసులు వినే అక్కడి బోర్డు ముందున్న విషయం. దాని గురించి నేను నాలుగు చోట్ల మాట్లాడితే చేటు వాళ్లకే. నేను రాసేది నా సంగతి. విశాఖపట్నంలో ఉన్న ఒక తల్లి అలాంటి కూతురి దగ్గరకు పురుటికి వెళ్లాలంటే వీసా కోసం ఏమేం చెయ్యాల్సి వచ్చింది, అందులో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అన్నంతవరకే. పీఆర్ (అక్కడి శాశ్వత నివాస హక్కు) ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు సలహా చెప్పేవాళ్లు మా ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. మాలాంటి వాళ్లకు చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. సీమంతం చేసి పిల్లను ఇంటికి తెచ్చుకుంటాం. మాకు ఆ దారి లేకపోయింది. శరణు కోరినప్పుడే అక్కడి అధికారులు వాళ్ల ఇండియా పాస్‌పోర్టులు తీసి దగ్గర పెట్టుకున్నారు. దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటితే మళ్లీ అడుగు పెట్టనిస్తారన్న హామీ లేదు. పైగా సొంత దేశంలో నాకు ప్రమాదముందని చెప్పిన మనిషి, ఆ దేశానికే వచ్చి పురుడు పోసుకుని వెళ్తే ఆ మాటను ఇక ఎవరు నమ్ముతారు? రేపు శరణు దొరికినా ఇదే పరిస్థితి. అప్పుడు శరణార్థుల ప్రయాణ పత్రం ఒకటి ఇస్తారు, అది ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారో ఆ దేశానికి తప్ప మిగతా దేశాలకు చెల్లుతుంది. అమ్మాయి విశాఖ రావడమన్నది ఇప్పట్లో జరిగే పని కాదు. వెళ్తే నేనే వెళ్లాలి.

ఈ సంగతి చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు గానీ మా ఇంట్లోనే ఉండే అత్తయ్యకు చెప్పాను. ఆవిడది కంచరపాలెం. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన బర్మా క్యాంపు అక్కడే ఉంది. 1960ల్లో వాళ్లు మూటాముల్లెతో వచ్చి దిగిన రోజులు ఆవిడకు బాగా గుర్తు. చదువుకున్నవాళ్లకు ఎంత వివరించినా ఎక్కని విషయం ఆవిడకు ఒక్క మాటలో ఎక్కింది. "ఉన్నసోట బతకనేక ఎల్లిపోయినోల్లని మనం సూడనేదేటి? పురుటికి తల్లి ఎల్లకపోతే ఇంకెవులెల్తారు? నన్ను మీ ఆయన సూసుకుంటాడు గానీ, నువ్వెల్లు" అంది.

మా అపార్టుమెంట్‌లో అందరూ సూపర్ వీసాకి, అంటే తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండేందుకు ఇచ్చే వీసాకి, పెట్టెయ్యమన్నారు. అది మాకు వర్తించదు. కెనడా పౌరులకు, పీఆర్ ఉన్నవాళ్లకు తల్లిదండ్రులో, తాతలో, అమ్మమ్మలో, నాయనమ్మలో అయితేనే సూపర్ వీసా. శరణు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్ల తల్లిదండ్రులకు మిగిలేది మామూలు విజిటర్ వీసా ఒక్కటే. దాని మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకూ ఫోటోకూ మరో 85. అంతా ఆన్‌లైన్‌లోనే, ఫారం నంబరు ఐఎంఎం 5257. డబ్బూ ఫారాలూ పెద్ద కష్టం కాదు. కష్టమంతా అక్కడి వలస నిబంధనల్లో 179వ సెక్షన్‌లో ఉంది. వచ్చిన మనిషి గడువు లోపల వెళ్లిపోతుందని వీసా ఆఫీసర్‌కు నమ్మకం కలగాలి. కలగకపోతే వీసా లేదు. మామూలు తల్లిదండ్రులకే ఇది పరీక్ష. నా కూతురు చదువుకోవడానికని వెళ్లి, అక్కడే శరణు కోరింది. నా దరఖాస్తు చూసిన ఆఫీసర్‌కు మొదట వచ్చే అనుమానం ఏమిటో చెప్పక్కర్లేదు. కూతురు అడిగింది, రేపు తల్లీ వచ్చి అదే అడుగుతుంది అనే.

ద్వారకానగర్‌లో వీసా కన్సల్టెన్సీ బోర్డులకు లెక్కే లేదు. తెలిసినవాళ్లు చెప్పారని నేనూ మావారూ ఒకచోటికి వెళ్లాం. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. అమ్మాయి స్టేటస్ ఏమిటని అడిగాడు. చెప్పాం. పెన్ను కింద పెట్టేశాడు. "మేడమ్, ఆ మాట ఫైల్లో ఎక్కడా కనపడకూడదు. మీకు అక్కడ కూతురే లేదని రాద్దాం. టూరిస్ట్‌గా నయాగరా చూడ్డానికి వెళ్తున్నట్టు పెడదాం. హోటల్ బుకింగ్ నేను చేసిపెడతా, వీసా వచ్చాక క్యాన్సిల్ చేసుకోవచ్చు" అన్నాడు. దానికి వాళ్ల ఫీజు ప్రభుత్వ ఫీజుకు ఎన్నో రెట్లు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. నేను కనిపెంచిన పిల్లను లేదని రాయమంటాడా అని. ఆ కోపాన్ని పక్కన పెట్టినా ఆ సలహా ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది. అమ్మాయి తన శరణు దరఖాస్తులో తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీలు అన్నీ రాసే ఉంది. ఆ వివరాలూ నా వీసా ఫైలూ ఒకే ప్రభుత్వ శాఖ కంప్యూటర్లలో ఉంటాయి. ఆఫీసర్ ఒక్క మీట నొక్కితే రెండూ పక్కపక్కన కనపడతాయి. అబద్ధం రాసినట్టు తేలితే వీసా రాకపోవడం ఒక్కటే కాదు, ఐదేళ్లపాటు ఆ దేశం గుమ్మం తొక్కనివ్వరు. రేపు అమ్మాయికి పీఆర్ వచ్చి, తర్వాత తల్లిదండ్రులను పిలుచుకునే రోజు వచ్చినా ఈ మచ్చ అప్పటికీ అడ్డమొస్తుంది. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కెనడా వలస వ్యవహారాల్లో డబ్బు తీసుకుని దరఖాస్తులు నడిపే హక్కు అక్కడి లాయర్లు, లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లు లాంటి అనుమతి పొందినవాళ్లకే ఉంది. ఆ కన్సల్టెంట్ల పేర్లు వాళ్లకు లైసెన్సులిచ్చే సంస్థ (దాన్ని 'కాలేజ్' అంటారు) రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. డబ్బు పెట్టేముందు ఆ రిజిస్టర్ చూడండి. మేం చూస్తే ఆ కుర్రాడి పేరూ లేదు, వాళ్ల యజమాని పేరూ లేదు.

అదే రోజు రాత్రి అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. మరుసటి వారం వాళ్ల లాయరమ్మ మాతో వీడియోకాల్‌లో మాట్లాడింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన సమయం అదే. ఆవిడ చెప్పింది ఇది. శరణు అడగడం నేరమేమీ కాదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో కెనడా 1969లో చేరింది, కాబట్టి అడిగినవాళ్ల మాట వినడం వాళ్ల చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత. దాచాల్సిన పని లేదు. అమ్మాయి స్టేటస్ ఏమిటని అడిగిన చోట 'శరణు దరఖాస్తుదారు, విచారణ కోసం వేచి ఉన్నారు' అని ఒక్క వాక్యం రాయాలి. అంతకుమించి ఒక్క ముక్క రాయకూడదు.

ఆ రెండో భాగం నాకు వెంటనే అర్థం కాలేదు. పిల్ల పడ్డ బాధలన్నీ రాస్తే ఆఫీసర్ మనసు కరుగుతుందేమో అనుకున్నాను. ఆవిడ ఓపిగ్గా వివరించింది. శరణు విచారణ గోప్యంగా జరుగుతుంది, ఆ కాగితాలు బయటకు పోకుండా అక్కడి చట్టమే కాపాడుతుంది. అలాంటిది మీ చేతులతో మీరే వీసా ఫైల్లో ఎందుకు పెట్టాలి? ఇంకా ముఖ్యం, మీరు రాసేది ప్రతిదీ రేపు అమ్మాయి కేసులో ఎదురు రావచ్చు. వీసా రావాలన్న ఆత్రంలో 'ఇక్కడ ఏ భయమూ లేదు, అమ్మాయి కూడా త్వరలో వచ్చేస్తుంది' అని తల్లే సంతకం పెట్టి ఇస్తే ఏమవుతుంది? బోర్డు ముందు పిల్ల చెప్పే మాటను కన్నతల్లి కాదన్నట్టవుతుంది. తేదీల్లో, ఊరి పేర్లలో చిన్న తేడా వచ్చినా అదో ప్రశ్నవుతుంది. అందుకని ఫైలు నా గురించే ఉండాలి. నేనెవరు, ఇక్కడ నాకు ఏముంది, ఎందుకు వెళ్తున్నాను, ఏ రోజు తిరిగి వస్తాను. అంతే.

ఇలాంటి స్థితిలో ఉన్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాదంతా మర్చిపోయినా పర్వాలేదు, ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు పంపేముందు మీ పిల్లల లాయర్‌కు మీ ఉత్తరం ఒకసారి చూపించండి.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠం చెబుతాను. మావారు షిప్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యారు. వెళ్లేది నేనొక్కదాన్నే అనుకున్నాం. ఆయనా అత్తయ్యా ఇక్కడ ఉండటమే నేను తిరిగొస్తాననడానికి సగం సాక్ష్యం.

కాగితాలు పోగెయ్యడం మొదలుపెడితే మన ఇంటిపేర్ల గొడవ ముందుకొచ్చింది. నాకు పెళ్లికి ముందే డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. సర్వీసు రిజిస్టర్‌లో పుట్టింటి ఇంటిపేరు. పాస్‌పోర్టులో మెట్టినింటి ఇంటిపేరు. అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు దగ్గర ఇంటిపేరే లేదు, ఉత్త పేరు, దాని పక్కన 'దేవి' అని అదనంగా ఒకటి తగిలించారు. అమ్మాయి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. మనకు ఇదంతా మామూలే. మన ఆఫీసుల్లో ఎవరూ అడగరు. ఎక్కడో కూర్చుని నా ఫైలు తెరిచిన ఆఫీసర్‌కు మాత్రం ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. కోర్టు దగ్గర నోటరీతో ఈ పేర్లన్నీ ఒకే మనిషివని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించాను. రాసేటప్పుడు ఆ టైపిస్టు ఒక్కో పేరునూ ఏ కాగితంలో ఎలా ఉందో అలాగే, చుక్కతో సహా కొట్టాడు. నేను పక్కనే నిలబడి ఒక్కోటీ వేలు పెట్టి సరిచూసుకున్నాను. తర్వాత ఆఫీసర్ రాసిన నోట్స్‌లో మా బంధుత్వం మీద అనుమానమన్నదే లేదు. ఆ కాగితం తన పని తాను చేసింది.

తెలుగులో ఉన్న కాగితాలన్నిటికీ ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ ఉండాలి. మా ఊళ్లో ఉన్న కాస్త పొలం పాస్‌బుక్కు అనువాదానికే బోలెడు ఖర్చయింది. దాని వల్ల ఒరిగిందేమీ లేదని నా అభిప్రాయం. ఇల్లు, పొలం, బంగారం చూపిస్తే చాలని కన్సల్టెన్సీలవాళ్లు చెబుతారు. ఆస్తి ఎక్కడికీ పోదు, మనిషి ఎక్కడున్నా ఆస్తి మనిషి పేరునే ఉంటుంది. మనిషిని వెనక్కి రప్పించేది పని, ఇంట్లో మనకోసం ఎదురుచూసేవాళ్లు. ఈ తేడా నాకు ఆఫీసర్ నోట్స్ చదివాకే స్పష్టమైంది.

ప్రభుత్వోద్యోగులం కాబట్టి విదేశాలకు వెళ్లాలంటే ముందు శాఖ అనుమతి కావాలి. ఎక్కడికి, ఎందుకు, ఖర్చెవరిది అని అడుగుతారు. 'కూతురి ప్రసవానికి' అని రాశాను. అది నిజం. అక్కడ అంతకుమించి రాయాల్సిన అవసరమూ లేదు. హెడ్మాస్టరు అదే రోజు సంతకం పెట్టి పంపారు. ఆ తర్వాత పై ఆఫీసులో ఫైలు కూర్చుండిపోయింది. నెల తప్పి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకుంటూ నేను, ఎవరి బల్ల మీద ఉందో చెప్పకుండా వాళ్లు. కాన్పు మే నెల మొదటి వారం అన్నారు. ఇంకా ఆగితే వేళ మించిపోతుందని, అనుమతి కాగితం లేకుండానే, అనుమతికి పెట్టుకున్న దరఖాస్తు నకలు జతచేసి వీసాకి పెట్టేశాం. ఎన్నాళ్లు సెలవిస్తారో తెలియదు కాబట్టి మూడు నెలలని రాశాం.

వేలిముద్రలకు హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ కేంద్రానికి వెళ్లాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే పొద్దున్నకు దిగొచ్చు. అక్కడ పనిచేసేవాళ్లు మన కాగితాలు తీసుకుని, ముద్రలు తీసి పంపుతారు గానీ వీసా ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల చేతుల్లో ఉండదు. కొందరు వాళ్ల ముందు చేతులు జోడించి తమ కథ చెప్పుకుంటుంటే చూసి బాధేసింది. నా వంతు వచ్చింది. నాలుగు వేళ్లు అద్దం మీద పెట్టమన్నారు. మెషీన్ ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టిన వేళ్లు, కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ నున్నగా అరిగిపోయాయి. ఆ కౌంటర్‌లో అమ్మాయి తడి కాగితంతో నా వేళ్లు తుడిచి, తన వేలిని నా గోరు మీద ఆనించి నెమ్మదిగా నొక్కింది. "గట్టిగా అదమకండి ఆంటీ, వదులుగా ఉంచండి" అంది. తెర మీద గీతలు ఒక్కొక్కటే తేలాయి. ఒక మంచి కబురు ఏమిటంటే ఈ ముద్రలు పదేళ్లు చెల్లుతాయి. మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే మళ్లీ హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు, ఆ 85 డాలర్లూ మళ్లీ కట్టక్కర్లేదు. ఇది నాకు త్వరలోనే పనికొచ్చింది.

వీసా రాలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, పదో తరగతి పిల్లల స్పెషల్ క్లాసు అయ్యాక ఫోన్ చూస్తే మెయిలు వచ్చి ఉంది. ఉత్తరం ఒక పేజీ. బస ముగిశాక నేను దేశం విడిచి వెళ్తానన్న నమ్మకం కలగలేదని, అక్కడ నాకున్న కుటుంబ బంధాల దృష్ట్యా, ప్రయాణ ఉద్దేశం దృష్ట్యా అని అచ్చువేసిన వాక్యాలు. అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. అది ఏడవలేదు. "పోన్లే అమ్మా, ఇక్కడ డాక్టర్లు బాగా చూస్తున్నారు" అంది. శరణు దరఖాస్తుదారులకు అక్కడి ప్రభుత్వం తాత్కాలిక ఆరోగ్య పథకం కింద వైద్యం ఇస్తుంది, కాన్పుతో సహా. ఆ విషయంలో మాకు దిగులు లేదు. కానీ డాక్టర్లు ఉంటే తల్లి అక్కర్లేదా?

ఈ నిరాకరణ మీద అప్పీలు లేదు. అక్కడి ఫెడరల్ కోర్టులో సమీక్ష కోరవచ్చు, దేశం బయట తీసుకున్న నిర్ణయమైతే 60 రోజుల గడువు. దానికి లాయర్ ఖర్చు, కాలం రెండూ మాకు అందవు. మళ్లీ పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కానీ అవే కాగితాలు మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది. ముందు అసలు కారణం తెలియాలి. లాయరమ్మ సలహా మీద అమ్మాయి అక్కడి సమాచార హక్కు చట్టం కింద, నా సమ్మతి పత్రం జతచేసి, 5 డాలర్లు కట్టి నా ఫైల్లో ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించింది. ఆ నోట్స్‌ను జీసీఎంఎస్ నోట్స్ అంటారు. నిరాకరణ లేఖలో ఉండేది పైపై మాట, అసలు మాట వీటిలో ఉంటుంది.

చాలా పేజీలొచ్చాయి, అందులో పనికొచ్చేవి కొన్ని వరుసలే. మా బడి ఇంగ్లిష్ మాస్టారూ నేనూ స్టాఫ్ రూములో కూర్చుని వాటిని ముక్కముక్కగా చదివాం. కూతురు శరణు కోరిన సంగతి ఆఫీసర్ చూశారు, అది ఊహించిందే. దాన్ని నేను దాచలేదు కాబట్టి నా నిజాయతీ మీద ఒక్క ముక్క లేదు. ఉద్యోగం ఉందని రాశారు, కానీ సెలవు మంజూరైన ఆధారం లేదన్నారు. మూడు నెలల సెలవు ఇస్తారా, ఇస్తే ఆ ఉద్యోగం నిలుస్తుందా అన్న సందేహం. ఇదివరకు విదేశాలకు వెళ్లొచ్చిన చరిత్ర లేదు. చదివాక నాకు కోపం రాలేదు. ఆ కాగితాలు మాత్రమే చూసిన మనిషికి ఆ అనుమానం రావడంలో అన్యాయం లేదు.

రెండో ఫైలు ఆ వరుసలకు జవాబుగా తయారుచేశాం. ఈలోపు శాఖ అనుమతి వచ్చింది. ఉండే కాలాన్ని మూడు నెలల నుంచి వేసవి సెలవులకు కుదించాను. ఏప్రిల్ ఆఖర్లో బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఆ తేదీ ఉన్న ప్రభుత్వ అకడమిక్ క్యాలెండర్ జతచేశాను. వచ్చే ఏడాది నాకు పదో తరగతి అప్పగిస్తున్నట్టు హెడ్మాస్టరు లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంటు వయసు 62 అని, నాకింకా సర్వీసు ఉందని, చెప్పకుండా డ్యూటీ మానేస్తే ఇన్నేళ్ల సర్వీసూ పెన్షనూ ప్రమాదంలో పడతాయని వివరంగా రాశాను. మనకు ఇది చెప్పాల్సిన విషయమే కాదు, పెన్షన్ ఉద్యోగాన్ని ఎవరూ వదులుకోరని చిన్నపిల్లలకీ తెలుసు. అక్కడి ఆఫీసర్‌కు తెలియాలని లేదు కదా. జీతం జమయ్యే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టాను. మావారి పెన్షన్ కాగితాలు, అత్తయ్య మోకాళ్ల చికిత్స కాగితాలు, ఆవిడ మాతోనే ఉంటుందని చూపే రేషన్ కార్డు అనువాదం కూడా. పొలం పాస్‌బుక్కు ఈసారి పెట్టలేదు.

అమ్మాయి తరఫు నుంచి ఆహ్వాన లేఖ, కాన్పు తేదీతో డాక్టరు ఇచ్చిన లెటరు, అద్దె ఇంటి ఒప్పందం, వర్క్ పర్మిట్ నకలు, శరణు దరఖాస్తుదారుగా ఇచ్చిన పత్రం నకలు వచ్చాయి. ఆ చివరిది పెట్టొచ్చునని లాయరమ్మ చెప్పాకే పెట్టాం.

ఉత్తరం నేనే రాశాను, మాస్టారు ఇంగ్లిష్ సరిదిద్దారు. పేజీన్నర. మొదటి పేరాలోనే అమ్మాయి స్టేటస్ ఒక్క వాక్యంలో చెప్పేశాను. తర్వాత, ఇదివరకు వీసా నిరాకరించారని, ఏ కారణానికి నిరాకరించారో దానికి ఏ కాగితం జవాబో వరుసగా రాశాను. బతిమాలలేదు. దయచేసి అన్న మాట కూడా ఒక్కసారే వాడాను. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది ఒక్కచోటే. మా ఇళ్లలో తొలి కాన్పుకు తల్లి దగ్గరుండటం ఆచారమని, ఇక్కడికి రాలేని కూతురి దగ్గరకు నేను వెళ్లడం తప్ప వేరే దారి లేదని రాసేటప్పుడు. 'రాలేని' అన్నదానికి కారణం రాయాలనిపించింది. రాయలేదు.

రోజూ పొద్దున్నే ఖాతా తెరిచి చూడటం నా పనైపోయింది. పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపులో ఉన్నప్పుడు కూడా టీ విరామంలో అదే పని. ఏప్రిల్ చివర్లో పాస్‌పోర్టు పంపమని మెయిలొచ్చింది. ఆ మాట వచ్చిందంటే వీసా మంజూరైనట్టే. మావారికి ఫోన్ చేస్తే నోట మాట రాలేదు, ఆయనకూ అంతే. పాస్‌పోర్టు హైదరాబాద్ కేంద్రానికి కొరియర్‌లో పంపించాం. అది స్టిక్కరు అంటించుకుని తిరిగి వచ్చేలోపే మనవడు పుట్టేశాడు. పురిటి స్నానం నాటికి చేరలేకపోయాను. అల్లుడు వీడియోలో చూపిస్తే ఇక్కడి నుంచే నీళ్లలో వేపాకు, పసుపు ఎంతెయ్యాలో చెప్పాను. వేపాకు దొరకలేదట. పసుపుతో కానిచ్చేశారు.

విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి టొరంటో. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి పంపుతారని కాదు, అక్కడి సరిహద్దు అధికారి కూడా ఒప్పుకోవాలి. చేతిసంచిలో కాగితాల ఫైలు పెట్టుకున్నాను. పెద్ద సూట్‌కేసులో కాయం, శొంఠిపొడి, వాము, నువ్వుల నూనె ఉన్నాయి. తినే వస్తువులు తెస్తున్నారా అన్న ప్రశ్నకు అవునని నొక్కాను, అడిగితే చూపించాను, పంపేశారు. పాస్‌పోర్టు దగ్గర ఆఫీసరు ఎవరి దగ్గరకని అడిగారు. కూతురి దగ్గరకన్నాను. ఆమె స్టేటస్? శరణు దరఖాస్తు పెట్టుకుంది, విచారణ ఇంకా కాలేదన్నాను. ఎప్పుడు వెళ్లిపోతారు? టికెట్టు చూపించాను. బడి తెరిచే తేదీ చెప్పాను. ఏం పాఠం చెబుతారని అడిగారు. తెలుగు అన్నాను. ముద్ర వేసి ఇచ్చారు. ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని వెళ్లానో ఆ జవాబులు. అబద్ధం ఒక్కటి ఉన్నా అక్కడ నా గొంతు వణికేది.

బారసాలకు ఉన్నాను. బియ్యంలో పేరు అల్లుడే రాశాడు. మనవడు అక్కడ పుట్టాడు కాబట్టి పుట్టుకతోనే కెనడా పౌరుడు, తల్లిదండ్రుల దరఖాస్తు ఏ దశలో ఉన్నా సరే. వాడు పాస్‌పోర్టూ ఇండియా వీసా తీసుకుని రేపెప్పుడైనా విశాఖ రావొచ్చు. వాడి అమ్మకు ఆ వీలు లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఉన్నన్నాళ్లూ అమ్మాయికి పథ్యం వండాను, కాయం రోజూ పొద్దున్నే తినిపించాను, పిల్లాడికి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోశాను. వాళ్ల కేసు గురించి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

బడి తెరవకముందే వచ్చేశాను. మరికొన్నాళ్లు ఉండమని అమ్మాయి అడిగింది, ఆరు నెలలకు ముద్ర వేశారు కదా అంది. ఉండొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఫలానా తేదీకి వస్తానని సంతకం పెట్టి వెళ్లినదాన్ని. నేను చెప్పినట్టు వచ్చానన్నదే రేపు మావారి ఫైలుకు బలం. తిరుగు ప్రయాణం బోర్డింగ్ పాసులు, ఇండియాలో దిగినప్పుడు వేసిన ముద్ర ఉన్న పేజీ స్కాన్ చేసి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆయన దరఖాస్తు తయారవుతోంది. దసరా తర్వాత వెళ్లాలని ఆయన ఆశ. అప్పుడు ఇక్కడ అత్తయ్యను చూసుకునేదాన్ని నేను, ఆ మాట ఆయన ఉత్తరంలో రాశాం. షిప్‌యార్డ్ సర్వీసు కాగితాల్లో ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. శనివారం నోటరీ దగ్గరకు వెళ్లాలి.